ముందు ఎవరి రోబో

లైబ్రరీ వెనక షెడ్డు నుంచి,
వానలు వెనకబట్టిన రోజుల్లో

చెల్లాయికి అన్నయ్య దీవెనలు.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నువ్వు మూతి విరిచే లోపే చెప్పేస్తాను. ఫోనులో నువ్వు మాట్లాడితే నాకు మర్యాదలు మాత్రం వినబడుతున్నాయి, అసలు సంగతి వినబడటం లేదు. సగం ఆయుష్షు లిఫ్టుల మోటారు గదుల్లో గడిపినవాడి చెవులు ఇంతకన్నా ఏం పనిచేస్తాయి? మొన్న చెవుల డాక్టరు ఏదో చాలాసేపు చెప్పాడు. నేను ఎంతో బుద్ధిగా తలూపుతూ కూర్చున్నాను. బయటికొచ్చాక నర్సు కాగితం మీద రాసి చూపించింది: ఆయన అడుగుతున్నది 'వినబడుతోందా' అని.

సరే, అసలు సంగతి. పిల్లల రోబోల పోటీ వాళ్ళు ఆఖరి లీగు ఆటకి జోడీలు ప్రకటించారు. ఒక్కో వైపు రెండేసి జట్లు కదా. మా పిల్లల రోబో పక్కన నిలబడేది ఎవరిదని చూస్తే, మీ పిల్లలది! కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాను. నీదే. రెండేళ్ళుగా మనిద్దరం పుట్టినరోజులకి తప్ప పలకరించుకోలేదు. ఇప్పుడు ఒక యంత్రం చిట్టీ తీసి మనల్ని ఒకే గీత వెనక నిలబెట్టింది.

ఇబ్బంది ఏమిటంటే, ఈ ఏడు ఆటస్థలం నడుమ గోడ కట్టారు. బంతులన్నీ గోడకి అవతల ఉన్నాయి. వెళ్ళడానికి ఒక్కో వైపుకీ ఒకటే సందు, అందులో ఒక్క రోబోనే పడుతుంది. మొదటి అర నిమిషం ఎవరూ ఏమీ ముట్టుకోకూడదు. ముందే రోబో మీది అంకెల నాబు తిప్పి ఏ ప్రోగ్రాం ఎంచుకున్నామో రోబో దాని ప్రకారం తనంతట తాను నడవాలి. మీదీ మాదీ రెండూ సందు కోసమే పరిగెత్తితే ముక్కూ ముక్కూ గుద్దుకుని అక్కడే చతికిలబడతాయి. ఆ ఆట అయిపోగానే పెద్ద జట్లు ఫైనల్సుకి తోడు ఎంచుకుంటాయి. వాళ్ళు చూసేదల్లా ఆ అర నిమిషమే. పిల్లలు మీటలు పట్టుకుని ఆడించడం ఎవరైనా చేస్తారు, చెయ్యి వదిలేస్తే ఎలా నడుస్తుందన్నదే వాళ్ళకి కావాలి.

కాబట్టి పెద్దవాడిగా చెప్తున్నాను, ఆ అర నిమిషం మీదాన్ని కదలకుండా నిలబెట్టు. మాది సందులోంచి వెళ్ళి నాలుగు బంతులు తెస్తుంది. గెలిస్తే గెలుపు ఇద్దరిదీ.

అన్నట్టు, లైబ్రరీ వాళ్ళు ఈ షెడ్డు ఖాళీ చెయ్యమంటున్నారు, పుస్తకాల వ్యాను పెట్టుకోవడానికట. పిల్లలు ఫైనల్సుకి వెళ్తే మాత్రం ఉంచుతారట. అదంతా నీకు రాయాల్సిన సంగతి కాదు, కాగితం మిగిలిందని రాశాను.

అన్నయ్య

*

ఎంబ్రాయిడరీ షాపు మీది గది నుంచి

అన్నయ్యకి,

నీ ఉత్తరం అందింది. 'పెద్దవాడిగా చెప్తున్నాను' అన్న చోట ఆపి, మడిచి పెట్టి, టీ కాచుకుని తాగి మళ్ళీ తీశాను. ఆ మాట అక్కడే ఉంది.

పోయినసారి మనం కలిసి ఆడినప్పుడు కూడా నువ్వు పెద్దవాడిగానే చెప్పావు. అప్పుడు మనది ఒకే షెడ్డు, ఒకే జట్టు. నాబు మూడో నంబరుకి తిప్పి నేను గీత వెనక్కి వచ్చాను. నువ్వు హాలందరి ముందూ గీత దాటి వెళ్ళి ఒకటికి తిప్పేశావు. 'ముచ్చట్లు చాలు, ముక్కుసూటిగా పోనీ' అన్నావు. ఆ మూడో నంబరు నేను రాసింది. కంప్యూటరు కుట్టు మిషన్లకి పువ్వులూ తీగలూ రాసి రాసి, జుట్టు నెరిశాక రోబోకి రాసిన మొదటి ప్రోగ్రాం. అది ఎలా నడిచేదో నాకు ఈ రోజుకీ తెలియదు. ఓడిపోయినందుకు నేనేమీ అనుకోలేదు. నువ్వు తర్వాతైనా 'అది ఎలా నడిచేదే?' అని అడగలేదు చూడు, అందుకు షాపు ఎత్తి ఈ ఊరు వచ్చాను.

కాబట్టి మీ ముక్కుసూటిని మీ దగ్గరే ఉంచుకో. మావాళ్ళు సందు కోసం మూణ్ణెల్లుగా తంటాలు పడుతున్నారు. మా రోబోని నడిపే పొడుగోడు, వాడికి గుమ్మాలన్నీ నుదుటి మీద అచ్చుపడ్డాయి, అంత పొడుగు, సందు కొలతలు అట్టముక్కతో కత్తిరించి మెడలో వేసుకుని తిరుగుతున్నాడు. మీదే నిలబడనీ.

మా దాంట్లో కూడా కదలకుండా నిలబడే ప్రోగ్రాం ఉంది. పిల్లలు దానికి 'అలక' అని పేరు పెట్టారు. ఎవరిని చూసి పెట్టారో నేను అడగలేదు.

చెల్లాయి

*

షెడ్డు నుంచి, తలుపు తెరిచి పెట్టుకుని

చెల్లాయికి దీవెనలు.

అలక! భలే పేరు. మా దాంట్లో అదే పనికి 'బొమ్మ' అని పేరు. నాబు సున్నాకి తిప్పితే చిన్న తెర మీద 'బొమ్మ' అని పడుతుంది, ఇక అర నిమిషం ఉలకదు, పలకదు.

నువ్వు పోయినసారి సంగతి ఎత్తావు. దాని గురించి రాద్దామనే కూర్చున్నాను. కానీ కలం పట్టుకోగానే జంట లిఫ్టుల సంగతి గుర్తొచ్చింది, అది ముందు చెప్పేస్తాను, లేకపోతే మరిచిపోతాను.

నేను పనిలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక పెద్ద ఆఫీసులో పక్కపక్కన రెండు లిఫ్టులు పెట్టాం. మీట మాత్రం అంతస్తుకి ఒకటే. ఎవరైనా నొక్కితే రెండూ ఎగబడి పరిగెత్తేవి, కరెంటు దండగ. నేను మహా తెలివిగా ఒక ఏర్పాటు చేశాను. ఒకటి బయల్దేరబోతోందని తెలిస్తే రెండోది మర్యాదగా ఆగిపోవాలి. అందరూ భుజం తట్టారు. మా మేస్త్రీ అయితే 'వీడికి లిఫ్టుల చేత నమస్కారాలు పెట్టించడం వచ్చురా' అన్నాడు. నాలుగు రోజులు బాగానే నడిచాయి. ఐదో రోజు రెండూ కిందనే పక్కపక్కన ఉండగా పై అంతస్తులో మేనేజరు మీట నొక్కాడు. ఇది దానికోసం ఆగింది. అది దీనికోసం ఆగింది. ఆయన నొక్కుతూనే ఉన్నాడు. మేము కింద నిలబడి చూస్తున్నాం, రెండు తలుపుల మీదా దీపాలు వెలుగుతున్నాయి, రెండూ కదలవు. చివరికి మెట్లు దిగి వచ్చాడు. కిందికి వచ్చేసరికి ఆయన కోపం కూడా అలిసిపోయింది, పాపం, నన్ను తిట్టడానికి ఊపిరి చాల్లేదు.

కాగితం అయిపోతోంది. మా ప్రోగ్రాములు రాసే పిల్ల సంగతి చెప్పాలి. దాన్ని పిచ్చుక అంటారు. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, కంప్యూటరు ఒళ్ళో పెట్టుకుని, గంటకి లక్ష మాటలు మాట్లాడుతుంది. నేను చెప్పేది అది వినదు, అది చెప్పేది నాకు వినబడదు. అందుకే మాకు పొత్తు కుదిరింది. నీ ఉత్తరం చదివి వినిపిస్తే నా మొహంలోకి చూసి, 'ఇద్దరూ ఎందుకు తాతయ్యా కొట్టుకుంటారు? వాళ్ళు ముందు వెళ్ళనీ, మనం కాసేపు ఆగి వెళ్దాం' అంది. అని ఊరుకోలేదు, 'ఆగి వెళ్ళు' అని కొత్త ప్రోగ్రాం రాస్తోంది. మీది సందు దాటాక మాది బయల్దేరుతుంది. ఇద్దరికీ బంతులు, ఇద్దరికీ పేరు. మీ పొడుగోడు ఎంతసేపట్లో సందు దాటతాడో రాయించు.

పోయినసారి సంగతి వచ్చే ఉత్తరంలో.

అన్నయ్య

*

షాపు మీది గది నుంచి, మధ్యాహ్నం

అన్నయ్యకి,

మీ పిచ్చుకకి నా తరఫున ఒక ముద్దు. మన ఇద్దరి బుర్రలూ కలిపినా రాని ఆలోచన అది.

పొడుగోడు లెక్కలు వేరే కాగితం మీద రాసి ఇందులో పెట్టాడు. వాడూ పిచ్చుకా ఫోనులో మాట్లాడుకుంటున్నారు. మనం ఉత్తరాల్లో ఆగి ఆగి రాసుకునేది వాళ్ళు ఒక్క పూటలో తేల్చేస్తున్నారు. నిన్న వాడు షాపులో నేల మీద టేపు అంటించి సందు గీశాడు. బట్టలు ఇవ్వడానికి వచ్చిన ఆవిడ అందులోంచి నడవబోతే 'ఆంటీ, మీరు ఆగి వెళ్ళండి' అన్నాడు. ఆవిడ నిజంగానే ఆగింది.

నాది ఒకటే షరతు. నాబు పిల్లలే తిప్పాలి. ఎవరు రాసిన ప్రోగ్రాం వాళ్ళ చేత్తోనే. తిప్పేవాళ్ళు పైకి చెప్పాలి, పక్క జట్టు వాళ్ళు మళ్ళీ అనాలి. మనిద్దరం గీత ఇవతల. నోరు కూడా ఇవతలే.

పోయినసారి సంగతి ఈసారి ఉత్తరంలో కూడా రాలేదు. రాకపోయినా ఫరవాలేదు. లిఫ్టుల సంగతి బాగుంది. షాపులో చదివి వినిపించాను, అందరూ నవ్వారు.

చెల్లాయి

*

షెడ్డు నుంచి

చెల్లాయికి,

షరతు ఒప్పుకున్నాను. కార్డు మీద ఇంతకన్నా పట్టదు. హాల్లో కలుద్దాం. నాకు వినబడేలా మాట్లాడాలనుకుంటే నా ఎడమ వైపు కూర్చో, ఆ చెవి కాస్త నయం.

అన్నయ్య

*

షాపు మీది గది నుంచి,
ఆట అయిన తర్వాత వారం

అన్నయ్యకి,

హాల్లో నీతో మాట్లాడకుండా బస్సెక్కేశానని అనుకుని ఉంటావు. పిల్లలు ఏడుస్తున్నారు, బస్సు వెళ్ళిపోతోంది. అవి సాకులే. నీ మొహం చూడలేకపోయాను.

ఆ అర నిమిషం నా కళ్ళముందు నుంచి పోవడం లేదు. ఈల వేశారు. ఎదుటి వైపు రోబోలు రెండూ వాళ్ళ సందులోంచి ఒకదాని వెనక ఒకటి వెళ్ళి బంతులు ఏరుకుంటున్నాయి. మన ఎరుపు వైపు మీదీ మాదీ పక్కపక్కన, పెళ్ళి ఫొటోకి నిలబెట్టినట్టు నిలబడ్డాయి. ఇద్దరి దీపాలూ వెలుగుతున్నాయి. సందు ఖాళీగా ఉంది. మైకులో ఆయన 'ఎరుపు వైపు ఏదో ఇబ్బంది ఉన్నట్టుంది' అన్నాడు. జనంలో ఎవరో నవ్వారు. తర్వాత మీటలు పట్టుకుని పిల్లలు ఎంత కష్టపడ్డారో చూశావుగా. ఒక్క బంతి తేడాతో పోయింది. ఒక్క బంతి! సందులోంచి ఎవరు వెళ్ళినా నాలుగు వచ్చేవి.

ఎంపికప్పుడు మనవాళ్ళ పేర్లు ఎవరూ పిలవలేదు. పిలుస్తారని పొడుగోడు చివరి దాకా నిలబడే ఉన్నాడు. కుర్చీలు మడుస్తున్నవాళ్ళు జరగమన్నాక జరిగాడు.

మీది ఎందుకు కదల్లేదు? మాది ఎందుకు కదల్లేదో తర్వాత రాస్తాను.

చెల్లాయి

*

షెడ్డు నుంచి

చెల్లాయికి దీవెనలు.

మాదా? వైరు వదులైంది. బ్యాటరీ దగ్గర. మరి మీది?

షెడ్డు ఖాళీ చెయ్యమని కాగితం వచ్చింది. లైబ్రేరియన్ మంచివాడే, స్వయంగా తెచ్చి ఇచ్చాడు, ఇచ్చి పాపం ఎటు చూడాలో తెలియక గోడ మీది గడియారం చూశాడు. ఆ గడియారం నువ్వు వెళ్ళిన ఏడాది నుంచి ఆగిపోయి ఉంది. ఆయన మాత్రం టైము చూసి 'అమ్మో, ఆలస్యమైంది' అని వెళ్ళిపోయాడు.

సామాను సర్దుతున్నాను. ఎన్ని మరలు, ఎన్ని పళ్ళ చక్రాలు! నీ దారపు రీళ్ళ డబ్బా ఒకటి కనబడింది, లోపల అన్నీ స్క్రూలే. బకెట్టు మాత్రం బోర్లించినట్టే ఉంచాను. పిచ్చుక వారం నుంచి రావడం లేదు. పరీక్షలేమో. పరీక్షలు లేవని తెలుసు.

అన్నయ్య

*

మా ఇంటి వరండా నుంచి

దారాల అమ్మమ్మకి,

నేను పిచ్చుకని. లిఫ్టు తాతయ్యకి చెప్పకుండా రాస్తున్నాను. తెలిసినా నాకేం భయం లేదు. ఫోను చేద్దామనుకున్నాను కానీ ఫోనులో నాకు ఏడుపొస్తుంది, మీరిద్దరూ ఎందుకు ఉత్తరాలు రాసుకుంటారో ఇప్పుడు అర్థమైంది.

వైరు వదులవ్వలేదు. బ్యాటరీ నేనే బిగించాను. నేను బిగిస్తే వదులవ్వదు.

నాబు రెండుకి తిప్పి 'ఆగి వెళ్ళు' అని పైకి చెప్పాను. పొడుగన్న మళ్ళీ అన్నాడు. తనది తిప్పి 'సందు' అన్నాడు, నేను మళ్ళీ అన్నాను. అంతా మీరు పెట్టిన పద్ధతి ప్రకారమే. తర్వాత పొడుగన్న వాళ్ళ చోటుకి వెళ్ళాడు. అప్పుడు తాతయ్య నన్ను గీత దగ్గరికి పిలిచి, వంగి, 'సున్నా పెట్టు' అన్నాడు. తాతయ్య గుసగుస అనుకున్నాడు కానీ ఆయన గుసగుస పక్కవీధికి వినబడుతుంది, అదృష్టం కొద్దీ పాట పెట్టారు. ఎందుకు అన్నాను. 'నీ ప్రోగ్రాం ఒక్క క్షణం ముందు బయల్దేరినా ఆవిడదాన్ని గుద్దుతుంది. దారి మొత్తం ఆవిడకి వదిలేద్దాం. ఒకసారి వదల్లేదు' అన్నాడు. నా ప్రోగ్రాం ముందు బయల్దేరదు. మా వరండాలో అమ్మ తిట్టేదాకా నడిపి చూశాను. కానీ తాతయ్య కళ్ళు ఎలాగో ఉన్నాయి. అందుకని తిప్పాను. నాకు నామీద ఎక్కువ కోపం.

ఈల వేశాక మీది వెళ్తుందని చూస్తున్నాను. వెళ్ళలేదు. తర్వాత పొడుగన్న చెప్పాడు. మీరు కూడా అన్నని పిలిచి 'అలక పెట్టు నాన్నా, వాళ్ళ షెడ్డు పోకూడదు, వాళ్ళదొక్కటే కనబడాలి' అన్నారట కదా.

అమ్మమ్మా, మీరిద్దరూ ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకున్నారు సరే. ఇచ్చుకున్న దాంట్లో మీది ఏముంది? ఒకటి నాది, ఒకటి పొడుగన్నది.

షెడ్డు తాళాలు ఇచ్చేసే రోజున మీ వాళ్ళందరూ రోబో తీసుకుని రావాలని మేం అనుకున్నాం. మీరు కూడా రండి. మీరు రాకపోయినా వాళ్ళు వస్తారు కానీ, బస్సులో పెద్దవాళ్ళు ఎవరైనా ఉండాలని వాళ్ళ ఇళ్ళల్లో అంటున్నారు.

పిచ్చుక

*

షాపు మీది గది నుంచి

అన్నయ్యకి,

వైరు వదులవ్వలేదు. మీ పిచ్చుక రాసింది. దాన్ని ఏమీ అనకు. అన్నావని తెలిస్తే ఈసారి నేను నిజంగానే అలుగుతాను.

మాది కూడా పాడవ్వలేదు. నేనే పెట్టించాను. షెడ్డు సంగతి నువ్వు కాగితం మిగిలిందని రాసినప్పుడే, ఎంతగా దిగమింగుకుని రాశావో తెలిసిపోయింది. ఆ షెడ్డులో మొదటి బల్ల మనిద్దరం కలిసి మోసుకొచ్చాం, నీకు గుర్తుందా, తలుపులో పట్టక కాళ్ళు విప్పి లోపల మళ్ళీ బిగించాం. అది పోకూడదనుకున్నాను. మీ రోబో ఒక్కటే నడిస్తే చూసేవాళ్ళ కళ్ళన్నీ దాని మీదే ఉంటాయి అనుకున్నాను. నాబు పిల్లలే తిప్పాలని షరతు పెట్టింది నేను. పొడుగోడు నా మొహంలోకి ఒకసారి చూశాడు. చెయ్యి నాబు మీద కాసేపు ఆగింది. అది ఆగినప్పుడైనా నాకు తెలియాలి. రెండేళ్ళ క్రితం నా నాబు ఒకటికి తిప్పిన నీ చెయ్యిని వెనక నిలబడి చూశాను, ఈసారి ఆ చెయ్యి నాదైంది, అంతే తేడా.

మళ్ళీ మళ్ళీ అనుకుంటున్నాను. నువ్వు పోయినసారి సంగతి రెండు వాక్యాల్లో రాసి ఉంటే చాలేది. 'షెడ్డు కోసం ఏం చెయ్యమంటావు' అని నేను ఒక్క వాక్యం రాసి ఉంటే చాలేది. ఇద్దరికీ కలం ఉంది, కాగితం ఉంది. ఆ మూడు వాక్యాలు రాయడం కష్టమై, పిల్లల ఏడాది కష్టాన్ని ఒకళ్ళకొకళ్ళం కానుక ఇచ్చుకున్నాం.

నీ జంట లిఫ్టుల సంగతికి షాపులో అందరితో కలిసి నేనూ నవ్వాను. పై అంతస్తులో నిలబడి మీట నొక్కుతున్నది ఎవరని అప్పుడు ఆలోచించలేదు.

తాళాలు ఇచ్చే రోజున వస్తున్నాను. పిల్లలు ఏం చేస్తారో నాకు చెప్పలేదు. అడగలేదు.

చెల్లాయి

*

మా ఇంటి ముందు గది నుంచి,
తాళాలు ఇచ్చేసిన మర్నాడు

చెల్లాయికి,

షెడ్డు నుంచి అని రాయబోయి కొట్టేశాను. ఇక మీదట ఈ చిరునామాకే రాయి.

నువ్వు బస్సు దిగి వస్తుంటే దూరం నుంచే నడక పోల్చాను. నీ చేతిలో సంచీ తీసుకోబోతే ఇవ్వలేదు. 'మోకాళ్ళు నీవి అరిగాయి, సంచీ నాది' అన్నావు. అది మాత్రం స్పష్టంగా వినబడింది.

పోయినసారి సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఇన్ని ఉత్తరాలు తప్పించుకున్నాను, ఇక తిరగడానికి మలుపులు లేవు. ఆ రోజు నేను ఒకటికి తిప్పింది గెలవాలని కాదు. నువ్వు రాసింది నాకు అర్థం కాలేదు. తీగలు కలపడం వచ్చినవాణ్ణి, రాతలో ఉన్నది చదవడం రాలేదు. పిల్లల ముందు ఆ మాట అనలేక ముచ్చట్లన్నాను. అది ఎలా నడిచేదో అడగకపోవడం దానికన్నా పెద్ద తప్పు. ఆ తప్పు దిద్దుకుందామని, పిచ్చుకది తీసి నీ చేతిలో పెట్టాను. ఎవరిది ఎవరికి ఇస్తున్నానో చూసుకోలేదు. పోగొట్టుకున్న చోట వెతకకుండా పక్కింట్లో దూరినట్టయింది నా పని.

నిన్నటి సంగతి. మనిద్దరినీ కుర్చీలేసి షెడ్డు బయట కూర్చోబెట్టి, పిచ్చుక తలుపు ఓరగా వేసింది. వేసేముందు నాతో 'తాతయ్యా, నాబు మా చేతిలో ఉంది' అంది. తిట్టినట్టు అనలేదు. టైము ఎంతైందో చెప్పినట్టు అంది. దానికన్నా తిడితేనే బాగుండేది. లోపల నేల మీద సుద్దతో ఆటస్థలం గీశారు, అంతవరకు తలుపు సందులోంచి చూశాను. పొడుగోడి మెళ్ళో అట్టముక్క పీకి కొలతలు పెట్టి, పుస్తకాల అట్టపెట్టెలతో గోడ కట్టారు. రెండు రోబోలూ గీత వెనక పెట్టారు. తర్వాత తలుపు పూర్తిగా పడింది.

నాకేం వినబడుతుంది! ఎదురుగా లైబ్రరీ వెనక గోడ, దాని మీద ఒక కాకి. నేను కాకినే చూస్తూ కూర్చున్నాను, అది ఎగిరిపోతే లోపల ఏదో గుద్దుకుందని తెలుస్తుంది కదా అని. అది ఎగరలేదు. దానికీ చెవుడేమో. నీ వైపు చూస్తే నువ్వు నేల చూస్తున్నావు, చేతి వేళ్ళు మాత్రం ఒళ్ళో ఏదో కుడుతున్నట్టు కదులుతున్నాయి, ఒకసారి ఆగి, మళ్ళీ కదిలాయి.

తలుపు తీశారు. పిచ్చుక, పొడుగోడు ఇద్దరి మొహాల్లోనూ ఏమీ లేదు. ఏమైందే అని అడిగాను. పిచ్చుక 'అది మా సంగతి తాతయ్యా' అని, బకెట్టు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయింది. రోబో కూడా దానితోనే వెళ్ళింది, వరండాలో చోటుందట. నన్ను రమ్మనలేదు. రావద్దనీ అనలేదు. తాళం లైబ్రేరియన్ చేతిలో పెట్టాను, ఆయన మళ్ళీ గడియారం కోసం గోడ చూశాడు, అది సామానుతో పాటు తీసేశాను.

రాత్రంతా అదే ఆలోచన. మీది ముందు వెళ్ళిందా? మాది ఆగి వెళ్ళిందా? రెండూ దాటాయా? సందులో గుద్దుకున్నాయా? గుద్దుకున్నాయంటే, ఆ రోజు మనం ఆపకపోయినా ఓడేవాళ్ళమే, కాస్త నిద్రపడుతుంది. దాటాయంటే నిద్రపట్టదు. అయినా తెలుసుకోవాలనే ఉంది.

నువ్వు నా ఎడమ వైపే కూర్చున్నావు. నీ చెవులు నిక్షేపంగా ఉన్నాయి. తలుపు పలచటి రేకు. నీకు వినబడే ఉంటుంది. చెప్పు.

ఇంకొకటి. నీ మూడో నంబరు ఎలా నడిచేదే?

అన్నయ్య

*

షాపు మీది గది నుంచి, మిషన్లు ఆపేశాక

అన్నయ్యకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చివరి వాక్యం దగ్గర ఈసారి టీ కాచుకోలేదు, కూర్చుండిపోయాను.

మూడో నంబరు సంగతి చెప్తాను, అది నాది కాబట్టి. తిన్నగా వెళ్ళేది కాదు. మొదట వెనక్కి ఒక అడుగు వేసేది, కుట్టు మొదలుపెట్టేముందు దారం లాగి ముడి బిగించినట్టు. తర్వాత వంపు తిరిగి వెళ్ళేది. ఆ వెనక్కి వేసే అడుగు చూసి నువ్వు తప్పనుకుంటావని అప్పుడే అనుకున్నాను. ఈసారి వచ్చినప్పుడు నేల మీద గీసి చూపిస్తాను. అర్థం కాకపోతే మళ్ళీ గీస్తాను.

ఆ రోజు షెడ్డులో జరిగింది నాది కాదు. వినబడింది అన్నయ్యా. మొదటినుంచి చివరి దాకా అంతా వినబడింది. చెప్పను. ఒకసారి పొడుగోడి చేతిలోంచి, ఇంకోసారి పిచ్చుక చేతిలోంచి తీసుకున్నాం. ఇది కూడా మనం తీసుకుని ఒకళ్ళకొకళ్ళం చెప్పుకోవద్దు. నీకు నిద్ర పట్టకపోతే నాకూ పట్టదు, అది వేరే సంగతి.

వరండాకి వెళ్ళు. పిచ్చుక చెప్తే విను. చెప్పకపోతే, అది నీ ఎడమ వైపు ఉండేలా కూర్చుని ఊరికే ఉండు.

తలుపు తీసి బయటికి వచ్చినప్పుడు పిచ్చుక రెండు చేతులకీ, మోకాళ్ళకీ సుద్దపొడి ఉంది. పొడుగోడు బస్సులో ఊరు వచ్చేదాకా అట్టముక్క మళ్ళీ మెడలో వేసుకోలేదు, చేత్తో పట్టుకునే కూర్చున్నాడు. నేను చూసింది అంత. అంతవరకే రాస్తున్నాను.

చెల్లాయి